తలుపు వేసుకుని మాట్లాడే చోటు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



మీ ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. రాష్ట్రాలు రెండయినా అడగబోయేది ఒకటే. హైదరాబాదులో చాలాకాలంగా సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మేం మందులు రాయం. ఎదురుగా కూర్చోబెట్టుకుని వింటాం, అడుగుతాం, మళ్ళీ వింటాం. వారం వారం అదే మనిషితో అదే పని. కరోనా వచ్చాక ఆ పని మొత్తం ఫోన్లోకి మారింది. అప్పుడు విన్నవీ, వినడానికి వీలు కానివీ తలచుకుంటే మీ శాఖ చేయాల్సిన పని ఒకటి మిగిలిపోయిందని గట్టిగా అనిపిస్తోంది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) తలుపు వేసుకుని మాట్లాడుకోవడానికి ఒక గది కావాలి. ఆ గదిలో ఈ వారం కనిపించిన మనిషే వచ్చే వారమూ కనిపించాలి.

కొత్త ఆసుపత్రి భవనాలు, స్కానింగ్ యంత్రాల ఫైళ్ళ మధ్య ఇది చిన్న కోరికలా ఉంటుంది. ఎందుకింత పట్టుబట్టి అడుగుతున్నానో చెబుతాను.

2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధాని లాక్‌డౌన్ ప్రకటించారు. నాలుగు గంటల్లో దేశమంతా ఇళ్ళలోకి వెళ్ళిపోయింది. మర్నాడే టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. ఫోన్లో వైద్యం చేస్తే చట్టం ఒప్పుకుంటుందా అని అంతవరకూ డాక్టర్లకు ఉన్న బెరుకు వాటితో తీరింది. ఆ నెలాఖరులోపే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో మానసిక సహాయ హెల్ప్‌లైన్ మొదలైంది. సెప్టెంబరులో కేంద్ర సామాజిక న్యాయ శాఖ తెలుగుతో సహా 13 భాషల్లో కిరణ్ హెల్ప్‌లైన్ తెచ్చింది. ఎవరికీ ఏమీ పాలుపోని ఆ రోజుల్లో జనం మనసు గురించి ఇంత తొందరగా ఆలోచించిన అధికారులకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

అయితే ఫోన్ నంబరు దొరికినవాళ్ళకు ఆ ఫోన్ పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో దొరకలేదు.

నాతో మాట్లాడినవాళ్ళలో ఒకామె డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక కూర్చునేది. ఎండెక్కితే అక్కడ నిలవలేక మా సెషన్‌ను పొద్దున్న ఆరున్నరకు మార్చుకున్నాం. ఒకాయన అపార్టుమెంటు సెల్లారులో కారు అద్దాలు ఎక్కించుకుని మాట్లాడేవాడు. ఒక డిగ్రీ కుర్రాడు ఊళ్ళో పొలం గట్టు దాకా నడిచేవాడు. సిగ్నల్ పోతే మాట సగంలో తెగిపోయేది. స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చినవాళ్ళు ఒకరిద్దరు కాదు. (ఎవరినీ పోల్చుకోలేకుండా వివరాలు మార్చే రాస్తున్నాను.) వీళ్ళంతా అంతో ఇంతో చదువు, సొంత ఫోను, డాబానో కారో ఉన్నవాళ్ళు. 2011 జనగణన ప్రకారం దేశంలో 37 శాతం కుటుంబాలు ఒకే గది ఇంట్లో ఉంటున్నాయి. తాము సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న స్త్రీలు, ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తెలంగాణలో 60 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సగానికి కాస్త తక్కువే. మిగిలినవాళ్ళకు ఫోన్ అంటే భర్తదో, కొడుకుదో. భర్త ఫోన్లో భర్త గురించి ఎవరు చెప్పుకోగలరు?

మామూలు రోజుల్లో మన ఇళ్ళలో ఆలుమగల ఏకాంతం ఇంట్లో మిగతావాళ్ళ రాకపోకల మీద ఆధారపడి ఉంటుంది. మామగారు గుడికి వెళతారు, పిల్లలు బడికి వెళతారు, అత్తగారు మధ్యాహ్నం ఓ కునుకు తీస్తారు. ఆ కాస్త సందులోనే మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకునేది, రాజీపడేది, దగ్గరయ్యేది. లాక్‌డౌన్‌తో ఆ సందులన్నీ మూసుకుపోయాయి. పెళ్ళయి ఏడాది తిరగని జంటలు రెండు పడకగదుల ఫ్లాట్లో ఆరుగురి మధ్య గుసగుసలతో కాపురం చేశారు. ముట్టుకుంటే భయం, ముట్టుకోకపోతే అనుమానం. భర్తకు పాజిటివ్ వచ్చి వేరే గదిలో ఉంటే గడప దగ్గర కంచం పెట్టి, తలుపు తట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగిన భార్యలు నెగిటివ్ వచ్చాక కూడా ఆ మంచం దగ్గరికి వెళ్ళలేకపోయారు. ప్రేమ లేక కాదు. ఒళ్ళు నేర్చుకున్న భయం రిపోర్టు చూసి పోదు. భర్తలేమో దాన్ని ఏవగింపు అనుకున్నారు. తనకు రోగం వచ్చినందుకు భార్య తనను వదిలేసిందని, ఇక ఎప్పటికీ ముట్టుకోదని లోపల్లోపల కుమిలిపోయిన మగవాళ్ళు నాకు తెలుసు. ఇలాంటి జంటలకు పెద్ద వైద్యం అక్కర్లేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, మూడో మనిషి సమక్షంలో, నాకు భయమేసింది అని ఒకరితో ఒకరు అనుకోగలిగితే చాలామందికి దారి దొరుకుతుంది. కానీ పక్క గదిలో అత్తగారు టీవీ చూస్తుంటే పడకగది సంగతి ఫోన్లో ఎలా చెబుతారు? చెప్పలేదు. నిద్ర పట్టడం లేదన్నారు, ఆకలి వేయడం లేదన్నారు. అసలు సంగతి చాలామంది రెండేళ్ళ తరవాత, గదిలో ఎదురుగా కూర్చున్నాకే చెప్పారు. అప్పటికి కొందరు విడాకుల లాయరును కలిసి వచ్చారు.

ఇంకొన్ని ఇళ్ళలో తప్పించుకునే దారే లేకపోయింది. నేను పైన చెప్పిన సర్వే మన రెండు రాష్ట్రాల్లో జరిగింది 2019లో, కరోనాకు ముందు. అప్పటికే పెళ్ళయిన స్త్రీలలో భర్త చేతిలో హింస అనుభవించినవాళ్ళు తెలంగాణలో సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 30 శాతం. ఆ భర్తలే లాక్‌డౌన్‌లో రోజంతా ఇంట్లో ఉన్నారు. 2020 ఏప్రిల్ 10న జాతీయ మహిళా కమిషన్ గృహహింస ఫిర్యాదులకు వాట్సాప్ నంబరు ప్రకటించింది. గొంతు పైకి వస్తే ప్రమాదం కనుక మెసేజీ ఒక్కటే గతి అయిన స్త్రీలు ఎందరో. మేమూ కొందరితో ముందే ఒక గుర్తు పెట్టుకున్నాం. మాట్లాడుతుండగా అతను లోపలికి వస్తే "ఆ పార్సిల్ ఇంకా రాలేదండీ" అనాలి. ఆ మాట వినగానే నేను కొరియర్ ఆఫీసు మనిషినైపోవాలి. అలా ఫోన్ పెట్టేశాక, ఆమె మళ్ళీ ఎప్పుడు చేస్తుందో, అసలు చేస్తుందో లేదో తెలియక కూర్చున్న సాయంత్రాలు చాలా ఉన్నాయి. గొంతులో వణుకైతే వినిపిస్తుంది. మణికట్టు మీద కమిలిన మచ్చ ఫోన్లో కనిపించదు.

మద్యం దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డప్పుడు చేతులు వణుకుతూ, లేనివి కనబడుతూ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఎంతమంది వచ్చారో మీ శాఖ రికార్డుల్లోనే ఉంటుంది. మే మొదటి వారంలో రెండు రాష్ట్రాల్లోనూ దుకాణాలు తెరిచారు. తాగుడు వెనక ఏ కష్టం ఉందో అడిగేవాళ్ళు మాత్రం మూసినప్పుడూ లేరు, తెరిచినప్పుడూ లేరు.

ఆ కాలంలో మా పనిలో కూడా ఒక మార్పు వచ్చింది. అంతవరకు నా గది వేరు, నా ఇల్లు వేరు. వీడియోలో మాత్రం నా వెనక గోడ, నా వంటింటి కుక్కర్ కూత అన్నీ వాళ్ళకు వినిపించాయి, కనిపించాయి. సెషన్ మొదట్లో వాళ్ళే అడిగేవాళ్ళు, "మీ ఇంట్లో అందరూ బాగున్నారా మేడం?" అని. వాళ్ళకున్న భయమే నాకూ ఉండేది. మా రంగంలో చికిత్స చేసే మనిషి తన సంగతులు చెప్పుకోకూడదన్నది నియమం, మంచి నియమమే. ఆ రెండేళ్ళలో మాత్రం "బాగున్నాం, మీరెలా ఉన్నారు" అన్న ఒక్క నిజాయితీ జవాబు, ఎన్నో వారాల ప్రశ్నల కంటే ఎక్కువ దగ్గర చేసింది. మాటల చికిత్సకు కావాల్సిన నమ్మకం ఇలాంటి చిన్న చోట్లనే పుడుతుంది. అది పుట్టడానికి కాలం పడుతుంది. ఈ సంగతి మళ్ళీ చెబుతాను.

ముందు దుఃఖం గురించి చెప్పాలి. మన దగ్గర చావు ఎవరికి వారు ఒంటరిగా పడే బాధ కాదు. శవం చుట్టూ కూర్చుని ఏడుస్తాం, వచ్చినవాళ్ళను పట్టుకుని ఏడుస్తాం. పదకొండో రోజు దాకా ఇంటినిండా జనం ఉంటారు. పోయిన మనిషి మంచీ చెడూ పదిసార్లు చెప్పుకుని, చెప్పుకుని, మెల్లగా మనసు సర్దుకుంటుంది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఇదేదీ లేదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన శరీరం, దూరం నుంచి కడసారి చూపు, అదీ దొరికితేనే. పాడె మోయడానికి నలుగురు రాలేదు. దుబాయిలో, మస్కట్‌లో ఉన్న జగిత్యాల, నిజామాబాదు కుర్రాళ్ళు, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న గుంటూరు, కరీంనగర్ పిల్లలు తల్లిదండ్రుల దహనాన్ని వాట్సాప్ వీడియోలో చూశారు. తరవాత నా దగ్గరికి వచ్చి వాళ్ళలో కొందరు అన్నది దాదాపు ఒకటే మాట: "నమ్మకం కుదరడం లేదండీ, అమ్మ ఇంకా ఊళ్ళోనే ఉన్నట్టుంది."

మాటల చికిత్సకు ఆద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. ఆయనకూ ఇదే జరిగింది. 1920 జనవరిలో, స్పానిష్ ఫ్లూ ఇంకా మనుషుల్ని తీసుకుపోతున్నప్పుడు, హాంబర్గ్‌లో కాపురం ఉంటున్న ఆయన కూతురు సోఫీ 26 ఏళ్ళ వయసులో చనిపోయింది. అప్పటికే ఇద్దరు పిల్లల తల్లి. వియన్నా నుంచి వెళదామంటే రైళ్ళు లేవు. తల్లీ తండ్రీ కడసారి చూపుకు నోచుకోలేదు. తొమ్మిదేళ్ళ తరవాత, ఆమె పుట్టినరోజున, సాటి వైద్యుడు బిన్స్‌వాంగర్‌కు రాసిన ఉత్తరంలో కూడా ఆయన ఆ లోటు పూడలేదనే రాశాడు. మనసు లోతులు వెతికినవాడికే అంత కాలం పడితే, రెండెకరాల కౌలు రైతుకు, బీడీలు చుట్టే తల్లికి ఎంత కాలం పట్టాలి? వాళ్ళు ఎవరికి ఉత్తరం రాయాలి?

దగ్గరితనం విలువ మన దేశంలో మానసిక వైద్యులకు కొత్త కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో డేరాలు వేయించి, రోగుల ఇంటివాళ్ళను వాళ్ళతోపాటే ఉండనిచ్చారు. రోగిని అయినవాళ్ళ నుంచి విడదీసి తాళం వేయడమే వైద్యమని చాలాచోట్ల నమ్ముతున్న కాలమది. కొవిడ్ వార్డులోకి ఇంటివాళ్ళను రానీయకపోవడానికి కారణం ఉంది, నేను కాదనను. ఆ విడిపోవడం మనుషుల్లో ఏం మిగిల్చిందో అడగడానికి తరవాతైనా ఎవరినీ పంపలేదన్నదే నా బాధ.

2020లోనే ప్రపంచవ్యాప్తంగా డిప్రెషన్ కేసులు 5.3 కోట్లు, ఆందోళన రుగ్మతలు 7.6 కోట్లు అదనంగా వచ్చాయని లాన్సెట్ పత్రిక మరుసటి ఏడు అంచనా ప్రచురించింది. మన జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రాణం తీసుకున్నవారు 1,53,052 మంది. అందులో రోజుకూలీలు 37,666 మంది, గృహిణులు 22,372 మంది. 2021లో మొత్తం 1,64,033కు చేరింది. ఇదంతా కరోనా వల్లే అని నేను అనను. గృహిణుల లెక్క అంతకుముందూ ఇలాగే భయపెట్టేది. నేననేది, మాట్లాడుకునే చోటు అందరికన్నా తక్కువ ఉన్నది ఈ రెండు వర్గాలకేనని. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు చెబుతూ, నూరుమందికి తక్కువ కాకుండా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌ను పెట్టాలంది. ఎంతో మంచి తీర్పు. మరి కాలేజీ మొహం చూడని కూలిమనిషికి, గడప దాటని ఇల్లాలికి ఎవరున్నారు? అలాంటి స్త్రీ ఎవరికీ జవాబు చెప్పుకోకుండా వెళ్ళగలిగే ప్రభుత్వ చోటు ఏదైనా ఉందంటే అది పీహెచ్‌సీ. బీపీ చూపించుకొస్తానని ఇంట్లో చెప్పి రావచ్చు. పెద్ద ఊళ్ళో సైకియాట్రిస్టు బోర్డు కింద నిలబడితే ఎవరైనా చూస్తారేమోనన్న భయం అక్కడ లేదు.

ఫోన్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఎర్రగడ్డ పేరు వింటేనే జంకే మనుషులు శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాద్ నుంచి మొదటిసారి ఫోన్ చేశారు. మొహం చూపించక్కర్లేదు కాబట్టే కొందరు చెప్పగలిగారు, ముఖ్యంగా మగవాళ్ళు. 1953లో లండన్‌లో చాద్ వారా అనే మతగురువు సమరిటన్స్ సంస్థను మొదలుపెట్టిందే ఫోన్ మీద. హైదరాబాదులో రోష్ని సంస్థ వాలంటీర్లు ఏళ్ళ తరబడి చేస్తున్నదీ ఆ పనే. 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్ ఫ్రాయిడ్‌ను ఒక్కసారీ కలవలేదు. వాళ్ళ స్నేహం, వాదం అంతా ఉత్తరాల్లోనే నడిచింది. దూరాన ఉన్నా దగ్గరితనం పుడుతుంది. అయితే అవతల ఎప్పుడూ అదే మనిషి ఉండాలి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ దగ్గర నేను ఆగేది ఇక్కడే. 2022 అక్టోబరు 10న మొదలైన ఆ హెల్ప్‌లైన్‌కు ఇప్పటికి 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి. అర్ధరాత్రి గుండెదడతో లేచి కూర్చున్న మనిషికి 14416 పెద్ద అండ. నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ నంబరు రాసిస్తాను. హెల్ప్‌లైన్ అన్నాక ఆ వేళకు డ్యూటీలో ఎవరుంటే వాళ్ళు ఎత్తుతారు. ఆపద సమయానికి అది చాలు, ఆపద గట్టెక్కాక మొదలయ్యే పనికి చాలదు. చిన్నప్పుడు దగ్గరి బంధువు చేసిన పని గురించి ఒక స్త్రీ నోరు విప్పడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. మొదట్లో తలనొప్పి అంటుంది. తరవాత అత్తగారి పోరు అంటుంది. అవీ నిజమే, కానీ వాటి చాటునుంచి ఆమె నన్ను చూస్తూ ఉంటుంది, ఈవిడకు చెప్పవచ్చా అని. ఎదుటి మనిషి మారిన ప్రతిసారీ ఆమె మళ్ళీ తలనొప్పి దగ్గర మొదలుపెట్టాలి. చికిత్స పద్ధతి ఏదైనా, ఫలితంలో పెద్ద పాలు ఈ నమ్మకానిదేనని మా రంగంలో దశాబ్దాల పరిశోధన చెబుతోంది.

గదికీ ఫోన్‌కీ ఇంకో తేడా ఉంది. ఫోన్లో అవతలివాళ్ళు ఊరుకుంటే "హలో, వినిపిస్తోందా?" అంటాం. గదిలో ఊరుకుంటే ఊరుకోనిస్తాం. కిటికీ వైపు చూస్తారు, కొంగు అంచు మడతపెడతారు, గొంతు సవరించుకుంటారు. అసలు మాట చాలాసార్లు ఆ మౌనం తరవాతే వస్తుంది.

ఇదంతా మన ప్రభుత్వాసుపత్రుల్లో కుదరదు అనే అధికారులు మీకు తప్పకుండా తగులుతారు. వాళ్ళకు ఒక పాత సంగతి గుర్తుచేయండి. ఎయిడ్స్ భారం దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు జిల్లా ఆసుపత్రుల్లో, ఏరియా ఆసుపత్రుల్లో కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాలు వెలిశాయి. తరవాత వాటికి ఐసీటీసీలని పేరొచ్చింది. రక్తం తీసేముందు ఒకసారి, ఫలితం చెప్పేటప్పుడు ఒకసారి, మాట బయటికి పోని చోట కూర్చోబెట్టి మాట్లాడాలన్నది వాటి నియమం. లారీ డ్రైవర్లు, పొలం కూలీలు, నెలలు నిండుతున్న గర్భిణులు, సెక్స్ వర్కర్లు ఆ చిన్న గదుల్లో కూర్చున్నారు. కట్టుకున్నవాళ్ళతో కూడా అనని మాటలు ఆ కౌన్సెలర్లతో అన్నారు. "మా ఆవిడకు ఎలా చెప్పాలి" అని అడిగారు. తరవాత ఆ ఆవిడనూ వెంటబెట్టుకొచ్చారు. ఆ కౌన్సెలర్లు సైకాలజీ, సోషల్ వర్క్ లాంటివి చదివి, చాలీచాలని జీతానికి కాంట్రాక్టు మీద చేరిన మన ఊళ్ళ పిల్లలే. మన జనం ఇలాంటి విషయాలు ప్రభుత్వ మనిషితో మాట్లాడరు అన్న వాదానికి ఆ గదులే జవాబు. తలుపు ఉండి, లోపల తప్పొప్పులు ఎంచని మనిషి ఉంటే మాట్లాడతారు. ఎయిడ్స్ కోసం చేయగలిగిన పనిని డిప్రెషన్ కోసం, హింస కోసం, తీరని దుఃఖం కోసం చేయలేకపోవడానికి నాకు కారణం కనిపించదు.

మనసు బాగోలేదని ఈరోజు పీహెచ్‌సీకి వచ్చిన మనిషి ఎక్కడ చెప్పుకోవాలి? చాలాచోట్ల ఓపీ వరసలోనే, వెనక పదిమంది నిలబడి వింటుండగా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కింద చికిత్స పొందే హక్కును, 23వ సెక్షన్ కింద గోప్యత హక్కును ఇచ్చింది. రిజిస్టరును బీరువాలో పెట్టి తాళం వేస్తే గోప్యత అయిపోదు. చెప్పేటప్పుడు పక్కవాళ్ళకు వినబడకపోతేనే గోప్యత.

మనుషులు ఎక్కణ్ణుంచి వస్తారన్నది న్యాయమైన ప్రశ్న. దేశంలో లక్ష మందికి సైకియాట్రిస్టులు 0.75 మందే. ప్రతి పీహెచ్‌సీకి ఒక క్లినికల్ సైకాలజిస్టును ఇవ్వమని అడిగితే అది కాగితం మీదే ఉండిపోతుంది, అందుకే అది అడగడం లేదు. గోవాలో సంగత్ సంస్థ మామూలు చదువు ఉన్న స్థానికులకు శిక్షణ ఇచ్చి, పీహెచ్‌సీల్లోనే ఆరు నుంచి ఎనిమిది విడతల మాటల చికిత్సతో తీవ్రమైన డిప్రెషన్‌ను తగ్గించి చూపించింది. ఆ ఫలితాలు లాన్సెట్‌లో వచ్చాయి. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు ఆరోగ్య కేంద్రాల బయట బెంచీలు వేయించి, ఆ వీధుల అమ్మమ్మలకే నేర్పి కూర్చోబెట్టారు. అంత దూరం ఎందుకు, మన పశ్చిమ గోదావరి పల్లెల్లోనే జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తలు, పీహెచ్‌సీ డాక్టర్ల చేత డిప్రెషన్‌ను గుర్తించి వైద్యం అందేలా చేసే ప్రయోగం నడిపారు. ప్రయోగం ముగిశాక అలాంటివి మామూలుగా ఫైళ్ళలోకి వెళ్ళిపోతాయి. ఆ ఫైళ్ళు ఒకసారి తెప్పించుకుని చూడండి.

ఒక్క మనవి. ఈ పనిని ఆశాల నెత్తిన ఇంకో రిజిస్టరుగా పెట్టి అయిపోయిందనిపించకండి. కరోనా రోజుల్లో వీధి వీధీ తిరిగి, జ్వరం ఎవరికుందో అడిగి, తలుపులు మొహం మీద వేయించుకున్నవాళ్ళు వాళ్ళు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, తలస్నానం చేసి కూడా చంటిబిడ్డను ఎత్తుకోవడానికి భయపడ్డ నర్సులు ఉన్నారు. పాలిచ్చే తల్లులు పక్క గదిలో పడుకుని బిడ్డ ఏడుపు విన్నారు. చప్పట్లు కొట్టాం, హెలికాప్టర్ల నుంచి పూలు చల్లాం. ఇన్నేళ్ళయినా వాళ్ళను కూర్చోబెట్టి "అప్పుడు ఎలా గడిచింది?" అని అడిగిన మనిషి లేడు. నేనడిగే గదిలో మొదట కూర్చోవాల్సింది వాళ్ళే, తమ కోసం.

అందుకే ఈ గదికి వేరే మనిషి కావాలి. ఆ ప్రాంతం యాస తెలిసిన మనిషి, నెలల శిక్షణ, నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం, వారానికోసారి తన బరువు దించుకోవడానికి పైన ఒక సైకాలజిస్టు. కౌన్సెలర్‌ను ఆరు నెలలకోసారి బదిలీ చేస్తే గది ఉన్నా లేనట్టే. బీమా కంపెనీలు మానసిక వైద్యానికి డబ్బివ్వాలని చట్టం చెప్పిన సంగతి, ఎవరు పడితే వాళ్ళు థెరపిస్టు బోర్డు పెట్టుకుంటున్న సంగతి కూడా మీరు చూడాలి. అవి పట్నాల సమస్యలు, వాటికి గొంతు ఉంది, ఎవరో ఒకరు అడుగుతారు.

2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. మన మనుషుల కష్టం లెక్క ఆ పుస్తకంలో లేదు. ఈ గదులు తెరిస్తే, పేర్లు లేకుండా రాసుకున్న నెలవారీ లెక్క నుంచైనా అది తెలుస్తుంది.

రాష్ట్రానికో జిల్లాతో మొదలుపెట్టండి. నన్నడిగితే ఫోన్ సిగ్నల్ అందని ఊళ్ళు ఎక్కువగా ఉన్నచోట మొదలుపెట్టమంటాను. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు వైపు, ఆదిలాబాద్ జిల్లాలో ఉట్నూరు వైపు. అక్కడ కూర్చునే మనిషికి కువి, కోయ, గోండి, ఏది అవసరమైతే అది రావాలి. ఇంకొకటి, దీన్ని ఇప్పుడే జీవోలో రాయించండి. రేపు మరో మహమ్మారి వచ్చి మళ్ళీ ఇళ్ళ తలుపులు మూయించాల్సి వస్తే, తెరిచి ఉంచాల్సిన అత్యవసర సేవల జాబితాలో మందుల దుకాణం పక్కన ఈ గది కూడా ఉండాలి. అక్కడికి వెళుతున్నానని చెప్పిన స్త్రీని ఏ పోలీసూ నడిరోడ్డు మీద కారణం అడగకూడదు.

మొదటి విడత కౌన్సెలర్లకు శిక్షణ ఇవ్వడానికి నాలాంటివాళ్ళం సిద్ధంగా ఉన్నాం. జీతం అక్కర్లేదు. బస చూపించి, బస్సు ఛార్జీలిస్తే చాలు. ఎక్కడికి రావాలో, ఎప్పుడు రావాలో మీ శాఖ నుంచి కబురు పంపండి.

ఇట్లు,
హైదరాబాదు నుంచి ఒక సైకాలజిస్టు